కండువా మారితే పాపం పోతదా?

ఎమ్మెల్యేను కొనడం తప్పా, ఒప్పా?

చిన్న ప్రశ్న. ఊరి రచ్చబండ మీద కూర్చున్న ఏ ముసలాయనను అడిగినా ఒక్క ముక్కలో జవాబు చెబుతాడు. కానీ మన పార్టీలను అడిగి చూడండి. ఒక్కో పార్టీ దగ్గర రెండేసి జవాబులు తయారుగా ఉంటాయి. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు చెప్పేది ఒకటి, గద్దె మీద కూర్చున్నాక చెప్పేది ఇంకొకటి. తమ ఎమ్మెల్యే అవతలికి పోతే ప్రజాస్వామ్యం ఖూనీ అయినట్టు. అవతలి ఎమ్మెల్యే తమ దగ్గరికి వస్తే అభివృద్ధిని చూసి ఆకర్షితుడైనట్టు. పాపం నియోజకవర్గం! దాని పేరు చెప్పుకోకుండా పార్టీ మారిన నాయకుడు ఇంతవరకు కనిపించలేదు.

ఈ వారం మేము ఒక పార్టీని తిట్టి ఇంకో పార్టీని మెప్పించడానికి రాయడం లేదు. తెలంగాణ వచ్చిన నాటి నుంచి జరిగిన వ్యవహారాన్ని తేదీలతో, లెక్కలతో పాఠకుల ముందర పెడుతున్నాం. ఎవరు దొర, ఎవరు దొంగ అన్నది మీరే తేల్చండి.

మొదటి ఏడాదే మొదలైన బేరం

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. 119 స్థానాల సభలో టీఆర్ఎస్‌కు 63 మంది. ప్రభుత్వం నడపడానికి సరిపోయే బలమే. పక్క పార్టీ నుంచి ఒక్కరిని కూడా తెచ్చుకోవాల్సిన అవసరం లేదు. అయినా అదే ఏడాది డిసెంబర్‌లో, సనత్‌నగర్ నుంచి టీడీపీ గుర్తు మీద గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రిగా ప్రమాణం చేశారు. రాజీనామా ఇచ్చానన్నారు. ఆ రాజీనామా ఆమోదం పొందలేదు, ఉప ఎన్నికా రాలేదు. ఆ తర్వాత టీడీపీ ఎమ్మెల్యేలు ఒక్కొక్కరే గట్టు దాటారు. మూడింట రెండొంతుల లెక్క కుదరగానే 2016లో దానికి 'విలీనం' అని పేరు పెట్టారు.

అప్పుడు టీడీపీ ఏమన్నది? ఒక పార్టీ గుర్తు మీద గెలిచి ఇంకో పార్టీలో మంత్రి కావడం రాజ్యాంగాన్ని వెక్కిరించడమే అన్నది. గవర్నర్‌కు మొర పెట్టుకున్నది, స్పీకర్‌కు పిటిషన్లు ఇచ్చింది, కోర్టు మెట్లెక్కింది. న్యాయమైన మాటే, కాదనలేం.

కానీ అదే టీడీపీ ఆంధ్రప్రదేశ్‌లో ఏం చేసింది? అక్కడా దానికి సొంత మెజారిటీ ఉంది. 175 మందిలో 102 మంది ఆ పార్టీ వాళ్లే. అయినా ఐదేళ్లలో 23 మంది వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్యేలను చేర్చుకున్నది. 2017 ఏప్రిల్ 2న వాళ్లలో నలుగురిని మంత్రులను చేసింది. హైదరాబాద్‌లో తలసాని చేత ప్రమాణం చేయించిందీ, వెలగపూడిలో ఆ నలుగురి చేత ప్రమాణం చేయించిందీ ఒకే గవర్నర్, ఈఎస్ఎల్ నరసింహన్. గవర్నర్ ఒక్కరే, రాజ్యాంగం ఒక్కటే, తప్పూ ఒక్కటే. కృష్ణా నది దాటేసరికి టీడీపీ నీతి మాత్రం మారిపోయింది.

మరి ఆ 23 మందిని పోగొట్టుకుని, సభను బహిష్కరించి బయట తిరిగిన వైఎస్సార్ కాంగ్రెస్? 2019లో 151 మందితో గెలిచాక జగన్మోహన్ రెడ్డి అసెంబ్లీలో ఒక మాట చెప్పారు. తమ పార్టీలోకి ఎవరు రావాలన్నా రాజీనామా చేసి రావాల్సిందేనన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మోత ఆగకముందే టీడీపీ గుర్తు మీద గెలిచిన నలుగురు ఆయన పక్కకు చేరారు. కండువా మాత్రం కప్పుకోలేదట! నాలుగేళ్లకు పైగా ఆ తంతు నడిచింది. చివరికి 2024 ఫిబ్రవరిలో, ఎన్నికలు తలుపు తడుతున్న వేళ, స్పీకర్ ఆ నలుగురినీ, తమ పార్టీ నుంచి అవతలికి పోయిన నలుగురినీ కలిపి ఎనిమిది మందిని అనర్హులను చేశారు. జీతం, అలవెన్సు, ప్రొటోకాల్ అన్నీ అనుభవించాక పడిన వేటు అది. దాన్ని శిక్ష అనాలో, వీడ్కోలు సభ అనాలో మాకు తెలియడం లేదు.

ఫాంహౌస్‌లో ఉన్నదెవరు?

మళ్లీ మన దగ్గరికే వద్దాం. 2018 డిసెంబర్‌లో టీఆర్ఎస్ 88 స్థానాలు గెలిచింది. కాంగ్రెస్ 19 గెలిచింది. ఉత్తమ్‌కుమార్ రెడ్డి ఎంపీ అయ్యి అసెంబ్లీ స్థానం వదులుకోవడంతో 18 మంది మిగిలారు. 18లో మూడింట రెండొంతులు ఎంత? 12. సరిగ్గా 12 మంది 2019 జూన్ 6న స్పీకర్ దగ్గరికి పోయి తమను టీఆర్ఎస్‌లో కలపాలని అడిగారు. స్పీకర్ పోచారం శ్రీనివాస్ రెడ్డి అదే రోజు కలిపేశారు. రేషన్ కార్డులో పేరు ఎక్కాలంటే ఏళ్లు పట్టే రాష్ట్రంలో ప్రధాన ప్రతిపక్షం ఒక్క పూటలో మాయమైంది. ఆరుగురితో కాంగ్రెస్ మిగిలింది, ఏడుగురున్న మజ్లిస్ దానికన్నా పెద్ద పార్టీ అయింది. కాంగ్రెస్ నాయకుడు భట్టి విక్రమార్క ఇందిరా పార్కు దగ్గర నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆ దీక్ష న్యాయమైనదే.

మూడేళ్లు గడిచాయి. 2022 అక్టోబర్‌లో మొయినాబాద్ ఫాంహౌస్ వ్యవహారం బయటపడ్డది. బీజేపీ తరఫున తమ నలుగురు ఎమ్మెల్యేలను కొనడానికి వచ్చారని టీఆర్ఎస్ ఆరోపించింది. ముగ్గురు అరెస్టయ్యారు. తమకేం సంబంధం లేదని బీజేపీ అన్నది. వీడియోలు దేశమంతా పంపిణీ అయ్యాయి. ప్రజాస్వామ్యాన్ని అంగట్ల అమ్ముతున్నారని ముఖ్యమంత్రి కేసీఆర్ ఆవేదన పడ్డారు.

ఆ నలుగురిలో ముగ్గురు ఎవరో చాలామంది మరిచిపోయారు. తాండూరు రోహిత్ రెడ్డి, పినపాక రేగా కాంతారావు, కొల్లాపూర్ బీరం హర్షవర్ధన్ రెడ్డి. ముగ్గురూ 2018లో కాంగ్రెస్ గుర్తు మీద గెలిచినవాళ్లే. 2019లో టీఆర్ఎస్‌లో కలిసిన ఆ పన్నెండు మందిలో వాళ్లే. వాళ్లు కాంగ్రెస్ నుంచి వచ్చిన రోజు గడపకు పసుపు కుంకుమలు, వాళ్ల కోసం ఇంకొకరు వచ్చిన రోజు పోలీసు కేసు! కొనుగోలు నేరమైతే రెండుసార్లూ నేరమే కావాలి గదా? ఇక నాలుగో ఆయన, అచ్చంపేట గువ్వల బాలరాజు. ఆయన 2025 ఆగస్టులో ఏ పార్టీలో చేరారంటే, బీజేపీలో. తనను కొనడానికి వచ్చిందని ఏ పార్టీ మీద వేలు చూపించారో ఆ పార్టీయే ఆయన ఇల్లయింది. చేర్చుకున్నవాళ్లకు మొహమాటం లేదు, చేరినాయనకూ లేదు.

పాత్రలు మారాయి, నాటకం అదే

2023 డిసెంబర్‌లో కాంగ్రెస్ గెలిచింది. 64 మంది ఉన్నారు, మెజారిటీకి లోటు లేదు. ఇందిరా పార్కు దీక్ష గుర్తున్న పార్టీ గనుక ఈసారైనా పద్ధతి మారుతుందని అనుకున్నవాళ్లు చాలామంది. ఏడాది తిరగకుండానే బీఆర్ఎస్‌గా పేరు మారిన పాత టీఆర్ఎస్ నుంచి పది మంది ఎమ్మెల్యేలు కాంగ్రెస్ గూటికి చేరారని బీఆర్ఎస్ ఫిర్యాదు చేసింది. అందులో ఖైరతాబాద్ దానం నాగేందర్ బీఆర్ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే 2024 మే ఎన్నికల్లో కాంగ్రెస్ గుర్తు మీద సికింద్రాబాద్ ఎంపీ స్థానానికి పోటీ చేశారు. ఒకే మనిషి, రెండు గుర్తులు! శేరిలింగంపల్లి అరెకపూడి గాంధీకి ప్రతిపక్షానికి ఇచ్చే ప్రజాపద్దుల కమిటీ చైర్మన్ పదవి ఇచ్చారు. అంటే కాగితం మీద ఆయన ప్రతిపక్షం.

ఈ జాబితాలో ఇంకో పేరు చూడండి. పోచారం శ్రీనివాస్ రెడ్డి. 2019లో కాంగ్రెస్ పన్నెండు మందిని టీఆర్ఎస్‌లో కలిపిన స్పీకర్ 2024 జూన్‌లో స్వయంగా కాంగ్రెస్ కండువా కప్పుకున్నారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డే ఆయన ఇంటికి పోయి ఆహ్వానించారు. ఐదేళ్ల కింద ఆ స్పీకర్ మీద నిప్పులు చెరిగిన పార్టీకి ఆయన పెద్దరికం అప్పుడు గుర్తుకొచ్చింది.

బీఆర్ఎస్ కోర్టుకు పోయింది. 2014 నుంచి తాను చేసిందంతా మరిచిపోయి, ఫిరాయింపుల చట్టం ఎంత పవిత్రమో జనానికి చెప్పింది. గురివింద గింజ కథ. అయినా దాని వాదన తప్పని మేము అనం. దొంగ ఇంట్లో దొంగతనం జరిగినా అది దొంగతనమే. 2025 జూలై 31న సుప్రీంకోర్టు, మూడు నెలల్లో తేల్చాలని స్పీకర్‌కు చెప్పింది. మూడు నెలలు దాటాయి. నవంబర్‌లో కోర్టు ధిక్కారం నోటీసు వచ్చింది. డిసెంబర్‌లో స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్ ఐదుగురి మీద ఉన్న పిటిషన్లను ఆధారాల్లేవని కొట్టేశారు. ఆ ఐదుగురిలో అరెకపూడి గాంధీ కూడా ఉన్నారు.

నోటుకు ఓటు సంగతి కూడా చెప్పుకోవాలి. 2015 మే 31న, శాసనమండలి ఎన్నికకు ఒక్కరోజు ముందు, నామినేటెడ్ ఎమ్మెల్యే స్టీఫెన్‌సన్‌కు 50 లక్షలు ఇవ్వబోయారన్న ఆరోపణ మీద అప్పటి టీడీపీ ఎమ్మెల్యే రేవంత్ రెడ్డిని ఏసీబీ పట్టుకుంది. అది తన మీద పన్నిన కుట్ర అని ఆయన అన్నారు. పదేళ్లు నిండినా 2025 దాకా తీర్పు రాలేదు. తీర్పు రాని కేసులో మేము తీర్పు చెప్పం. కానీ ఒకటి అడుగుతాం. ఒక్క ఓటు కోసం డబ్బు సంచి ఇవ్వబోయారని కేసు పెట్టిన ప్రభుత్వమే ఆ రోజుల్లో టీడీపీ ఎమ్మెల్యేకు మంత్రి పదవి ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది గదా? నోట్ల కట్ట ఇస్తే లంచం, మంత్రి కుర్చీ ఇస్తే గౌరవమా?

ఢిల్లీలోనూ ఇదే తూకం

మన దగ్గరే ఇట్లా ఉందనుకుంటే పొరపాటు. ఢిల్లీ మనకన్నా ముందే ఈ పాఠం చదివింది.

1993 జూలై 28. లోక్‌సభలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం. అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265. ప్రభుత్వం గట్టెక్కింది. జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలు నలుగురు డబ్బు తీసుకుని ప్రభుత్వం వైపు ఓటేశారని తర్వాత కేసయింది. ఇక్కడ మన పాఠకులు కాసేపు ఆగాలి. ఆ నలుగురు ఎవరు? ప్రత్యేక రాష్ట్రం కోసం కొట్లాడి, ఆ పేరు మీద గెలిచి సభకు పోయినవాళ్లు. ఆ కొట్లాటలో ఆదివాసీలు తుపాకీ గుండ్లకు బలయ్యారు. పి.వి. ఎవరు? మన వరంగల్ గడ్డ మీద పుట్టి ప్రధాని అయిన మనిషి. ఒకవైపు ఉద్యమ పార్టీ, ఇంకోవైపు మన బిడ్డ. మన తక్కెడ సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి పరీక్ష ఉండదు. 2000లో ప్రత్యేక కోర్టు పి.వి.ని దోషి అన్నది, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అన్నది. రెండూ చెప్పాలి. మొదటిది దాచినా అన్యాయమే, రెండోది దాచినా అన్యాయమే.

మరి డబ్బు తీసుకున్నారన్న వాళ్ల సంగతి? 1998లో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో ఒక విచిత్రమైన తీర్పు చెప్పింది. సభలో వేసిన ఓటుకు రాజ్యాంగం 105వ అధికరణం రక్షణ ఇస్తుంది గనుక లంచం తీసుకుని ఓటేసినవాళ్ల మీద కేసు నడవదన్నది. లంచం తీసుకుని ఓటు వేయకపోతే మాత్రం కేసు నడుస్తుందట. అంటే లంచగొండి కూడా మాట తప్పొద్దు! ఆ తీర్పు 26 ఏళ్లు బతికింది. 2024 మార్చి 4న ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఏకగ్రీవంగా దాన్ని కొట్టేసింది. లంచానికి సభా రక్షణ లేదని తేల్చింది. ఆ కేసు ఎవరిది? జార్ఖండ్ ముక్తి మోర్చా ఎమ్మెల్యే సీతా సోరెన్‌ది. 2012 రాజ్యసభ ఎన్నికలో ఓటుకు డబ్బు తీసుకున్నారన్నది ఆమె మీద ఆరోపణ. ఆ తీర్పును ప్రధాని స్వాగతించారు. పదిహేను రోజులకే, మార్చి 19న, ఆమెను బీజేపీలో చేర్చుకున్నారు. దుమ్కా ఎంపీ టికెట్ ఇచ్చారు. తీర్పుకు స్వాగతం, నిందితురాలికీ స్వాగతం!

ఇంకో జంట చూద్దాం. 2005 డిసెంబర్‌లో, పార్లమెంటులో ప్రశ్న అడగడానికి డబ్బు తీసుకుంటూ 11 మంది ఎంపీలు రహస్య కెమెరాకు దొరికారు. ఆరుగురు బీజేపీ, ముగ్గురు బీఎస్పీ, ఒకరు కాంగ్రెస్, ఒకరు ఆర్జేడీ. టీవీలో వచ్చిన 11 రోజులకే, డిసెంబర్ 23న, అందరినీ సభల నుంచి వెళ్లగొట్టారు. కాంగ్రెస్ ముందుండి తీర్మానం పెట్టింది. శిక్ష మరీ ఎక్కువని బీజేపీ వాకౌట్ చేసింది. 2023 డిసెంబర్ 8న తృణమూల్ ఎంపీ మహువా మొయిత్రా వంతు వచ్చింది. లాగిన్ వివరాలు వ్యాపారికి ఇచ్చానని ఆమె ఒప్పుకున్నారు, డబ్బు తీసుకోలేదన్నారు. నైతిక విలువల కమిటీ 6-4తో బహిష్కరించమన్నది. నివేదిక సభకు వచ్చిన రోజే వేటు పడ్డది. ఆమెకు సభలో నోరు తెరిచే అవకాశం ఇవ్వలేదు. ఎందుకివ్వలేదంటే, 2005లో కూడా ఇవ్వలేదు గదా అన్నది బీజేపీ! తాను వాకౌట్ చేసిన తీర్మానాన్నే ఉదాహరణగా చూపింది. 2005లో తొందరగా తేల్చినందుకు గర్వపడ్డ కాంగ్రెస్ ఈసారి ఇంత తొందరెందుకన్నది. ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నారు, డైలాగులు కూడా మార్చుకున్నారు.

మెలిక ఎక్కడుంది?

ఫిరాయింపుల చట్టం 1985లో వచ్చింది. మూడింట ఒక వంతు చీలితే తప్పులేదన్న కిటికీని 2003లో మూశారు. మూడింట రెండొంతుల విలీనం అనే తలుపు మాత్రం తెరిచే ఉంచారు. అంటే ఒక్కడు పోతే నేరం, పన్నెండు మంది కలిసి పోతే చట్టబద్ధం. చిల్లర దొంగతనం తప్పు, టోకు దొంగతనం ఒప్పు.

అనర్హుడైన ఫిరాయింపుదారు మళ్లీ గెలిచేదాకా మంత్రి కాకూడదని కూడా 2003 సవరణలోనే రాశారు. మంచి మాట. కానీ అనర్హుడని తేల్చాల్సిందెవరు? స్పీకర్. స్పీకర్ ఎవరి మనిషి? పాలకపక్షం మనిషి. ఆయన ఫైలు మీద సంతకం పెట్టనంత కాలం ఫిరాయింపుదారు అనర్హుడు కాడు, మంత్రి పదవికి అడ్డం ఉండదు. దొంగ చేతికే తాళం చెవి ఇచ్చాం. స్పీకర్ చేతి నుంచి ఈ పని తీసేసి స్వతంత్ర ట్రిబ్యునల్‌కు ఇచ్చే ఆలోచన చేయమని 2020 జనవరిలో మణిపూర్ ఎమ్మెల్యే కేసులో సుప్రీంకోర్టు పార్లమెంటుకు చెప్పింది. ఆ తర్వాత ఐదేళ్లు గడిచినా ఏ పార్టీ దాని కోసం సభను స్తంభింపజేయలేదు. ఎందుకు చేస్తుంది? ఇవాళ ఏడుస్తున్నవాడికి రేపు అదే స్పీకర్‌తో అవసరం పడుతుంది.

ఉద్యోగ మిత్రులను ఒకటి అడుగుతున్నాం. మీ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు ఐదు వేలు తీసుకుంటూ ఏసీబీకి చిక్కితే ఏమవుతుంది? 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే చాలు, సస్పెండైనట్టే లెక్క. ఆయన ఏ యూనియన్ మనిషి అని చూసి రూలు మారదు. ఆ రూలు రాసే సభలో కూర్చున్నవాళ్లకు మాత్రం ఏ రూలూ ఉండదా? విద్యార్థి మిత్రులను కూడా అడుగుతున్నాం. పరీక్ష హాలులో చిట్టీతో దొరికితే డిబార్. ఇంకో కాలేజీలో చేరితే ఆ డిబార్ పోతుందా?

రాజీనామా ఈ నేలకు కొత్త కాదు

కొందరు అంటారు, రాజకీయాలంటే ఇంతే, ఎవరొచ్చినా ఇదే అని. మేము ఒప్పుకోం. ఎందుకంటే దీనికి విరుగుడు ఈ నేల మీదే పుట్టింది. 2010లో తెలంగాణ కోసం 12 మంది ఎమ్మెల్యేలు పదవులు వదిలి జనం ముందుకు పోయారు. జూలైలో ఉప ఎన్నికలు జరిగితే 11 చోట్ల టీఆర్ఎస్, నిజామాబాద్ అర్బన్‌లో బీజేపీ గెలిచి పన్నెండుకు పన్నెండు మందీ తిరిగి సభకు వచ్చారు. అంతకుముందు 2008లో రాజీనామాలు చేసి సగానికి పైగా ఓడిపోయిన చేదు కూడా తెలిసి ఉండీ ఆ పని చేశారు. ఓడినా గెలిచినా తీర్పు జనానిది. పదవిని వదిలి జనం దగ్గరికి పోవడానికీ, పదవిని చంకలో పెట్టుకుని పార్టీ మారడానికీ ఉన్న తేడా తెలంగాణ జనానికి ఎవరూ నేర్పాల్సిన పని లేదు. మర్చిపోయింది నాయకులే.

అందుకే మేము అడిగేది పెద్దదేం కాదు. పార్టీ మారాలనుకున్న ఎమ్మెల్యే నిక్షేపంగా మారవచ్చు. ముందు రాజీనామా పత్రం, తర్వాత కండువా. విలీనం పేరుతో ఉన్న దొడ్డిదారి మూసెయ్యాలి. పిటిషన్ పడ్డ మూడు నెలల్లో తేలాలి, తేల్చేది స్పీకర్ కాకుండా ట్రిబ్యునల్ కావాలి. లంచం కేసుల్లో చట్టసభ సభ్యుడికీ గుమాస్తాకూ ఒకే గడువు ఉండాలి.

ఇవి చట్టం చేయాల్సిన పనులు. చట్టం వచ్చేదాకా చేయాల్సింది ఇంకోటి ఉంది, అది మన చేతుల్లోనే ఉంది. వచ్చేసారి మీ ఊరికి వచ్చిన నాయకుడు అవతలి పార్టీ ఫిరాయింపుల గురించి గొంతు చించుకున్నప్పుడు చప్పట్లు కొట్టకండి. ఒక్క ప్రశ్న అడగండి. 'మీ పక్కన కూర్చున్న ఈయన ఏ గుర్తు మీద గెలిచిండు సారూ?' అని. మనం ఓటేసిన పార్టీ సభలో ఆ ప్రశ్న అడగడానికి ఎక్కువ ధైర్యం కావాలి. ముందు అక్కడే అడగాలి.